రెండో అట్టపెట్టె

"ఇంకొక్కసారి చెప్పవే చిన్నదానా. ఆ మాత్రలు నీకెవరిచ్చారు?"

అత్తగారు మంచం మీద దిండుకి ఆనుకుని అడిగింది. పొద్దున్నుంచీ వాంతులతో మనిషి సగమైంది కానీ గొంతు మాత్రం చెక్కు చెదరలేదు. మంచం కింద బేసిన్, బేసిన్ పక్కన తడిగుడ్డ, గుమ్మంలో లోపలికి రానా వద్దా అన్నట్టు మందులషాపాయన.

చిన్నకోడలు గోడకి అతుక్కుపోయింది. నెల తప్పినప్పటి నుంచీ ఆ పిల్లకి ఏ వాసనా పడదు. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకునే జవాబు చెప్పింది.

"ఆయనే ఇచ్చారత్తయ్యా. అక్క ఇచ్చి పంపిందన్నారు. బలానికట."

గదిలో ఉన్న కళ్ళన్నీ పెద్దకోడలి మీదికి తిరిగాయి.

ఒక్క మనిషివి తప్ప. ఆ పిల్ల మొగుడు చిన్నోడు కుర్చీలో కూర్చుని టీ గ్లాసులోకి చూస్తున్నాడు. ఎంతటి ఘాటురోడ్డులోనైనా పాట పాడుకుంటూ లారీ దింపే మనిషి, ఆ గ్లాసులోంచి తల ఎత్తలేకపోయాడు. దొంగకి తేలు కుట్టింది మరి.

ఖాళీ అట్టపెట్టె పెద్దకోడలి చేతిలో ఉంది. పచ్చరంగుది, అరచేతిలో ఇమిడిపోయేంత. తన చేత్తో తనే ఇచ్చిన పెట్టె. ఎవరికిచ్చిందో తెలుసు, ఎందుకిచ్చిందో తెలుసు, అది ఎవరి కడుపులోకి పోవాలో కూడా తెలుసు. పోవాల్సిన చోటికి పోలేదన్న సంగతే ఇప్పుడు తెలిసింది.

జరిగింది చెప్పుకుంటే నవ్వొస్తుంది, నవ్వే ఓపిక ఉంటే. ఆ ఇంట్లో బలానికి ఏది వచ్చినా ముందు అత్తగారి నోట్లోకి పోవాలి. టానిక్కు సీసా అయినా సరే, నాలుగు ఖర్జూరాలైనా సరే, ఆవిడ రుచి చూశాకే మిగతావాళ్ళకి. ఎవరో పెట్టిన రూలు కాదు, అలా జరిగిపోతోంది అంతే. కొత్తగా వచ్చిన చిన్నకోడలు ఈ మర్యాదని అందరికన్నా బాగా వంటబట్టించుకుంది. మొగుడు తెచ్చిచ్చిన మాత్రల్ని "మోకాళ్ళు లాగేస్తున్నాయంటున్నారుగా అత్తయ్యా, మీరే వేసుకోండి" అని పొద్దున్నే చేతిలో పెట్టింది. "అన్నీ ఒకేసారి వేసుకోవాలట" అని కూడా చెప్పింది. అత్తగారు "బంగారుతల్లివే" అని మెచ్చుకుని, పరగడుపునే అన్నీ మింగేసింది.

మందులషాపాయన గొంతు సవరించుకున్నాడు.

"ప్రాణానికేం భయం లేదమ్మా. ఏమీ తినకుండా వేసుకున్నారు, అందుకే తిప్పేసింది. నీళ్ళు తాగుతూ ఉండండి, సాయంత్రానికి లేచి కూర్చుంటారు."

"కూర్చునే ఉన్నాను. అవి దేనికి వేసుకునే మాత్రలో అది చెప్పు."

"బలానికైతే కాదు."

"మరి?"

"మా షాపులో ఉండవమ్మా ఇవి. లారీల అడ్డాలో డ్రైవర్లకి ఉచితంగా ఇస్తారు." ఆయన చూపు గోడ మీదికీ, అక్కణ్ణించి పైకప్పు మీదికీ వెళ్ళింది. "ఆడామగా సంబంధంలో అంటుకునే రోగాలుంటాయి చూడండి, వాటికి. అంతకన్నా వివరంగా కావాలంటే మీ పెద్దకోడలుగారినే అడగండి. పనిచేసేది అక్కడేగా."

అనేసి వెళ్ళిపోయాడు. కొంప అంటించినవాడు కాస్త నిలబడి చలైనా కాచుకుంటాడు, ఈయన అదీ చెయ్యలేదు.

ఇరుగుపొరుగుకి అత్తగారు పెద్దకోడలి గురించి "కళ్ళాసుపత్రిలో పని" అని చెప్పుకుంటుంది. అందులో సగం నిజం. లారీల అడ్డా చివర, లోడు తూచే కాటా పక్కన, ఒక పాత కంటైనరుని రెండు గదులుగా చేసి క్లినిక్కు పెట్టారు. బోర్డు మీద 'ఉచిత కంటి పరీక్ష' అనే ఉంటుంది. డ్రైవర్లు సిగ్గుపడకుండా వరసలో నిలబడేది కళ్ళ కోసమే. ముందుగదిలో అక్షరాలు చదివించి, "లోపల అక్కతో ఒక మాట మాట్లాడి వెళ్ళు" అని పంపిస్తారు. లోపలి అక్క, అంటే పెద్దకోడలు, కళ్ళ గురించి అడగదు.

ఆ లోపలి గది స్టూలు మీద ఎంత మీసం ఉన్నవాడైనా తల దించుకునే కూర్చుంటాడు. ముందు నవ్వించి ఆ తల ఎత్తిస్తుంది ఆవిడ. "స్టెప్నీ లేకుండా బండి తియ్యవు గదా తమ్ముడూ, తొడుగు లేకుండా ఏ ధైర్యంతో దిగావు?" అంటుంది. నవ్వాక మాట బయటికొస్తుంది. మాట వచ్చాక పరీక్ష, మందు. వెళ్ళేటప్పుడు ప్రతివాడూ గుమ్మం దగ్గర ఆగి ఒకటే అడుగుతాడు. "అక్కా, ఈ సంగతి ఎక్కడా..." "ఇక్కడ విన్నది ఇక్కడే పాతేస్తాను, పో" అంటుంది. అన్నట్టే చేస్తుంది. అందుకే అడ్డాలో ఆవిడకి తాళంకప్ప అక్క అని పేరొచ్చింది. ఆ పేరు వింటే ఆవిడకి లోపల్లోపల గర్వంగానే ఉండేది.

పోయినవారం ఆ స్టూలు మీద మరిది కూర్చున్నాడు.

తల మీద తువ్వాలు కప్పుకుని వచ్చాడు, తువ్వాలు కప్పుకుంటే వదిన గుర్తుపట్టదన్నట్టు. ఆవిడ వదినలా మాట్లాడలేదు. అందర్నీ అడిగినట్టే మంట ఎప్పటి నుంచని అడిగింది. రెండు పెట్టెలు చేతిలో పెట్టి, అందరికీ చెప్పినట్టే చెప్పింది. "ఇది నీకు, ఇది తనకి. ఒకే రోజు వేసుకోవాలి, అంతవరకూ దూరంగా ఉండాలి. జంట టైర్లలో ఒకదానికే పంక్చరు వేసి రెండోదాన్ని వదిలేస్తే బండి ఎంత దూరం పోతుంది?" ఆఖర్న మాత్రం గొంతు తగ్గించి, "కడుపుతో ఉంది. ఈ మందు కడుపుని ఏమీ చెయ్యదు, ఆ రోగమే చేస్తుంది. ఊరుకుంటే పుట్టే బిడ్డ చూపుకే ముప్పు. నిజం చెప్పి ఇవ్వు" అంది.

"సరే వదినా" అన్నాడు. చిన్నోడు దేనికైనా సరే అంటాడు. వాడికున్న రోగాల్లో పెద్దది అదే.

"ఏమే పెద్దదానా, నిన్నే." అత్తగారు మళ్ళీ అందుకుంది. "ఆ పెట్టె మీ కళ్ళాసుపత్రిదేనా?"

"మాదే అత్తయ్యా."

"నువ్విచ్చిందేనా, కాళ్ళొచ్చి నడిచొచ్చిందా?"

"నేనిచ్చిందే."

"ఎవరికి?"

పెద్దకోడలు అట్టపెట్టెని నాలుగు మడతలు పెట్టింది. "అది చెప్పకూడదత్తయ్యా."

"చెప్పకూడదా! మింగింది నేను, కక్కింది నేను, నాకు చెప్పకూడదా?" ఆవిడ చిన్నకొడుకు వైపు తిరిగింది. "నువ్వు చెప్పరా చిన్నోడా. నీకెవరిచ్చారు?"

"వదినే ఇచ్చింది" అన్నాడు చిన్నోడు, గ్లాసుతో.

అది అబద్ధం కాదు. అందుకే అంత తేలిగ్గా అనగలిగాడు.

అత్తగారు కాస్త ఆలోచించింది. ఆవిడ చదువుకోలేదు కానీ లెక్కలు గట్టివి. "అంటే బలం మాత్రలనుకుని పొరపాటున ఇవి ఇచ్చి ఉంటావు. పొరపాటున ఇవ్వాలంటే ముందు ఇంట్లో ఉండాలిగా? ఎవరి కోసం ఉన్నాయే ఇంట్లో?" అని పెద్దకొడుకు వైపు చూసింది. ఆ చూపులో మొదట అనుమానం, వెంటనే జాలి. "నా కొడుకు ఆ రంగులూ, ఆ బ్రష్షులూ తప్ప ఇంకో లోకం ఎరగడు. వాడి వల్ల కాదు. మరి ఎవరి వల్ల?"

పెద్దోడు లారీలకి రంగులేసే పెయింటరు. తల్లి పడిపోయిందని కబురొస్తే డోరు మీద సగం వేసిన పువ్వుని అలాగే వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. చేతుల మీద ఎర్రరంగు ఇంకా తడిగానే ఉంది. "చేతులు కడుక్కుని వస్తా" అని వంటింట్లోకి వెళ్ళాడు. పెద్దకోడలు వెనకే వెళ్ళింది.

సింకు దగ్గర కిరసనాయిల్ గుడ్డతో వేళ్ళు తుడుచుకుంటూ, వెనక్కి తిరక్కుండా అడిగాడు.

"నీకా, నాకా?"

"ఇద్దరికీ కాదు."

"మరి ఎవరికి?"

"చెప్పలేనండీ."

"నాకు కూడానా?"

అతను గుడ్డ మడత మార్చి మళ్ళీ తుడిచాడు. రంగు పోయిన వేళ్ళనే తుడుస్తున్నాడు.

"అడ్డాలో నేను నిచ్చెన మీదుంటే డ్రైవర్లు కింది నుంచి పిలుస్తారు. 'మేస్త్రీ, మీ ఆవిడ దేవతయ్యా' అంటారు. ఎందుకు దేవతో ఒక్కడూ చెప్పడు. నేనూ అడగను, నవ్వి ఊరుకుంటాను. ఇవాళ మా అమ్మ అడుగుతోంది. ఏం చెప్పను?"

"నమ్ముతున్నానని చెప్పండి."

"దేన్ని నమ్మాలో చెబితేగా నమ్మడానికి."

కోపంగా అనుంటే బాగుండేది. మెల్లగా అన్నాడు, అందుకే ఆవిడకి ఏడుపొచ్చింది. ఈ మనిషికి చెప్పేస్తే? చెబితే నేరుగా వెళ్ళి తమ్ముడి చొక్కా పట్టుకుంటాడు. చొక్కా పట్టుకుంటే వీధికి తెలుస్తుంది, వీధికి తెలిసింది చీకటి పడేలోపు అడ్డాకి చేరుతుంది. సొంత మరిది గుట్టే దాచలేని ఆడది మన గుట్టేం దాస్తుందని రేపు ఆ స్టూలు మీద ఎవడూ కూర్చోడు. అన్ని ఇళ్ళలో ఎదురుచూసే అంతమంది ఆడవాళ్ళకి ఆ రెండో పెట్టె ఇక అందదు. చెప్పకపోతే ఈ ఇంట్లో ఈ ఒక్క పిల్లకి అందదు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం.

"కొంచెం టైమివ్వండి" అంది.

"తీసుకో" అన్నాడు పెద్దోడు. గుడ్డ సింకులో పడేసి వెళ్ళిపోయాడు.

చిన్నోడు అప్పటికే టైర్లు చూసుకునే వంకతో వీధిలోకి జారుకున్నాడు. సందు సగం మింగేసి వాడి లారీ నిలబడి ఉంది. ఇనపరాడ్డుతో ఒక్కో టైరునీ కొట్టి చప్పుడు వింటున్నాడు. గాలి సరిగ్గా ఉన్న టైరు ఒకలా మోగుతుంది, లేనిది ఇంకోలా. పెద్దకోడలు వెనక చక్రాల దగ్గర నిలబడింది. అక్కడైతే ఇంట్లోంచి కనపడరు.

"ఒకే రోజు వేసుకోమన్నానా లేదా?"

"మెల్లగా వదినా."

"నీది ఎప్పుడు వేసుకున్నావు?"

"నువ్విచ్చిన రోజే."

"మరి దానిది?"

"సీటు కింద దాచా. ఎలా ఇవ్వాలో తోచలేదు. నిన్న ధైర్యం చేసి ఇచ్చేశా."

"బలానికని చెప్పి ఇవ్వడం ధైర్యమా?"

వాడు ఇంకో టైరు కొట్టాడు. తర్వాత అడగాల్సింది ఆవిడకి తెలుసు. లోపలి గదిలో అదే ప్రశ్న ఎంతమంది మగవాళ్ళనో రెప్ప వెయ్యకుండా అడిగింది. మరిదిని అడగాలంటే నోరు పెగల్లేదు. అయినా అడిగింది.

"ఈ మధ్యలో దూరంగా ఉన్నారా?"

చిన్నోడు రాడ్డు చివర చూసుకున్నాడు. "నాకు తగ్గిపోయిందిగా అనుకున్నా."

"తగ్గింది నీకు! దానికి తగలకుండా ఉంటుందా? ఇప్పటికే మళ్ళీ నీకూ అంటి ఉంటుంది. దాని కడుపులో ఉన్నది నీ బిడ్డరా, నీకు తెలుస్తోందా?"

"తెలీకేం వదినా." వాడు రాడ్డు కిందికి దించాడు. "నువ్వే ఇంకో పెట్టె తెచ్చెయ్. ఎలాగోలా నువ్వే మింగించు. టీలో కలిపైనా సరే."

"ఎలాగోలా మింగించబట్టేగా మీ అమ్మ మంచం మీదుంది. దానికి తెలిసి వేసుకోవాలి. నువ్వు చెప్పాలి."

"చెబితే ఉంటుందా నా దగ్గర? మూట సర్దుకుని పోదూ?"

"ఉంటుందో పోతుందో అది చూసుకుంటుంది."

"సాయంత్రం లోడుంది. తిరిగొచ్చాక నేనే చెప్తాను. ఒట్టు." రాడ్డు చంకలో పెట్టుకుని ఆవిడ వైపు ఒక అడుగేశాడు. "ఈలోపల నువ్వు చెప్పవుగా?"

ఆవిడ ఇంటి వైపు తిరిగింది.

"అడ్డాలో అందరికీ మాటిచ్చావు వదినా. నాకూ ఇచ్చావు. మరిదినని నాకొక్కడికి వెనక్కి తీసుకుంటావా?"

ఆవిడకి వెనక్కి తీసుకోవాలనే ఉంది. వీడి చెవి పట్టుకుని ఇంట్లోకి ఈడ్చుకెళ్ళాలని ఉంది. ఇంకెవడైనా డ్రైవరు అదే మాట అనుంటే మాటంటే మాటే అనేది. ఇన్నేళ్ళుగా ఒక్కొక్కడికీ నచ్చజెప్పి సంపాదించుకున్న నమ్మకం ఇవాళ ఒక పిరికివాడికి దుప్పటిలా పనికొస్తోంది.

ఇంట్లోకి వచ్చేసరికి అత్తగారి తీర్పు తయారుగా ఉంది.

"విను పెద్దదానా. రేపటి నుంచి ఆ పనికి పోవద్దు. ఎవరడిగినా కళ్ళాసుపత్రి మూసేశారని చెప్పు. రెండోది, నీ చేతి మందు ఈ ఇంట్లో ఎవరూ మింగరు. తలనొప్పి మాత్ర కూడా. మూడోది, చిన్నదాన్ని నీ వెంట ఏ డాక్టరు దగ్గరికీ పంపను. దాని కాన్పు సంగతి నేను చూసుకుంటాను. నేను ఇద్దర్ని కనలేదూ?"

పెద్దకోడలి దగ్గర ఒకే ఒక్క దారి మిగిలి ఉండింది. కడుపుతో ఉన్నవాళ్ళకి మామూలుగా చేసే పరీక్షలని చెప్పి, చిన్నకోడల్ని రేపు డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాలనుకుంది. ఆ పరీక్షల్లో ఇదీ బయటపడుతుంది, డాక్టరమ్మే చూసుకుంటుంది, ఎవరి మాటా తప్పినట్టు ఉండదు. ఆ దారి కూడా ఇప్పుడు మూసుకుపోయింది.

"మందులివ్వడం మానేస్తాను అత్తయ్యా, పని మానేస్తాను. దాన్ని మాత్రం డాక్టరుకి చూపించనివ్వండి."

"ఎందుకంత తొందర? దానికేమైంది?"

ఆ ప్రశ్నకి ఏం చెప్పినా తప్పే. పెద్దకోడలు బేసిన్ తీసుకుని పెరట్లోకి వెళ్ళింది. కడిగిందే మళ్ళీ కడిగింది. కడుగుతుంటే పక్కన నీడ పడింది.

చిన్నకోడలు వచ్చి ఎదురుగా కూర్చుంది. కొంగు ముక్కు మీంచి తీసేసింది.

"అక్కా, ఆ మాత్రలిచ్చేటప్పుడు ఆయన చెయ్యి వణికింది."

పెద్దకోడలు తోమడం ఆపలేదు.

"బలానికి ఇచ్చేవాళ్ళకి చెయ్యెందుకు వణుకుతుంది? నేను అత్తయ్యకి ఇచ్చేశానని తెలియగానే మొహం తెల్లబోయింది. 'నిన్ను వేసుకోమన్నాను కదే' అని అరిచారు. ఎప్పుడూ నా మీద అరవరు." కొంగు వేలికి చుట్టుకుంది. "అవి నా కోసమేనా అక్కా?"

"నేనేమీ చెప్పలేనమ్మా."

"చెప్పొద్దు. కాదు అని మాత్రం అను. నువ్వు కాదంటే నేను నమ్మేస్తాను, ఇంక ఎవర్నీ అడగను."

కాదు. ఎంత చిన్న మాట. అంటే ఈ పూటకి అందరికీ ప్రాణం హాయిగా ఉంటుంది. పెద్దకోడలు నోరు తెరిచింది కూడా. ఆ పిల్ల కళ్ళల్లోకి చూసింది, నోరు మూసుకుంది. కొళాయి కారుతూనే ఉంది, ఇద్దర్లో ఎవరూ కట్టలేదు.

చిన్నకోడలు తల కిందికీ పైకీ మెల్లగా ఆడించింది, ఎవరో ఏదో చెబితే విన్నట్టు. ఏడవలేదు. పొట్ట మీద చెయ్యి వేసుకుంది.

"లోపలున్నదానికి ఏమైనా అవుతుందా?"

ఈసారి జవాబు వెంటనే వచ్చింది. "మందు వేసుకుంటే ఏమీ కాదు. ఏ తల్లికైనా, ఏ బిడ్డకైనా. ఆలస్యం చెయ్యకూడదు, అంతే."

"డాక్టరు దగ్గరికి నన్ను పంపరుగా."

"నేను ఇంకోసారి అడుగుతాను."

"నువ్వడిగితే నిన్ను తిడతారు." ఆ పిల్ల లేచి కొళాయి కట్టేసింది. "నేనొక మాటంటాను అక్కా. నువ్వు అడ్డం రాకు."

"ఏమంటావు?"

అప్పటికే లోపలికి వెళ్ళిపోయింది.

పెద్దకోడలు తడిచేతులతో గదిలోకి వచ్చేసరికి చిన్నకోడలు మంచం ముందు నిలబడి ఉంది. చిన్నోడు కుర్చీలోకి వచ్చి చేరాడు, లారీ తాళాలు వేలికి తిప్పుకుంటున్నాడు. పెద్దోడు కిటికీ దగ్గర బయటికి చూస్తున్నాడు.

"అక్కనేమీ అనకండత్తయ్యా. జబ్బు నాది. అక్క నాకే ఇచ్చింది."

పెద్దోడు తిరిగి చూశాడు.

చిన్నకోడలు మాట్లాడింది అత్తగారితోనే కానీ చూసింది మొగుడి వైపు. కట్టుకున్నది ఇంత మాట నెత్తిన వేసుకుంటే ఏ మగాడూ ఊరుకోడని, లేచి కాదంటాడని నమ్మింది. వయసు అలాంటిది. మొగుడి మీద నమ్మకం ఇంకా అరిగిపోలేదు.

చిన్నోడు తాళాలు తిప్పడం ఆపాడు. లేచి నిలబడ్డాడు. చెప్తున్నాడు, అనుకుంది పెద్దకోడలు. పొద్దున్నుంచీ బిగబట్టిన ఊపిరి వదిలింది.

"ఎప్పటి నుంచి?" అన్నాడు చిన్నోడు, భార్యని.

చిన్నకోడలు మొహంలో రంగు పోయింది.

అప్పుడు అత్తగారు అందుకుంది. "ఓసి నా తల్లో! బంగారుతల్లి అనుకున్నానే నిన్ను! వాడు రోడ్ల మీద నిద్రలేకుండా బండి తోలుకుంటుంటే ఇంట్లో నువ్వు... అయితే ఆ కడుపులో ఉన్నది ఎవరిదే?"

"అత్తయ్యా!" పెద్దకోడలు మధ్యలోకి వచ్చేసింది. "అది అబద్ధమాడుతోంది. దానికి నేనేమీ ఇవ్వలేదు."

"ఇచ్చానని ఇందాకేగా అన్నావు?"

"ఇచ్చాను. దానికి కాదు."

"మరి ఎవరికి?"

మళ్ళీ అదే గోడ. పెద్దకోడలు మరిది వైపు చూసింది. పొద్దున్నుంచీ తప్పించుకున్న కళ్ళు ఇప్పుడు తిన్నగా ఆవిడనే చూస్తున్నాయి. వాటిలో భయం లేదు. వదిన చెప్పదన్న ధీమా ఉంది. ఆ ధీమా చూస్తే ఆవిడకి తన మీద తనకే అసహ్యం వేసింది.

"నువ్వేమో నిజం చెప్పవు, అదేమో అబద్ధమాడుతోందంటావు. ఇద్దరు కోడళ్ళూ కలిసి నన్ను పిచ్చిదాన్ని చేస్తున్నారా?" అంది అత్తగారు.

పెద్దకోడలు ఇంక జవాబు వెతుక్కోలేదు. చిన్నకోడలి చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా ఉంది.

"ఎవరేమనుకున్నా సరే. దీన్ని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్తున్నాను. ఇప్పుడే."

చిన్నోడు రెండంగల్లో వెళ్ళి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"నా పెళ్ళాం గడప దాటదు."

ఆ గొంతులో ఉన్నది నిజమైన కోపమే. ఒక్క నిమిషంలో వాడు మోసపోయిన మొగుడైపోయాడు. ఆ వేషం వాడికి ఎంత బాగా అమిరిందంటే, వాడే నమ్మేస్తున్నాడేమో అనిపించింది పెద్దకోడలికి.

"తప్పుకో చిన్నోడా."

"ఇది మా ఇద్దరి సంగతి వదినా. నీకు సంబంధం లేదు."

చిన్నకోడలు తోడికోడలి చేతిలోంచి తన చెయ్యి మెల్లగా విడిపించుకుంది. గుమ్మం దాకా నడిచి, మొగుడికి ఎదురుగా నిలబడింది. గొంతు పెంచలేదు.

"అవును, మన ఇద్దరి సంగతే. మీరే తీసుకెళ్ళండి అయితే. బండి సందులోనే ఉందిగా. ఇద్దరం వెళ్దాం, ఇద్దరికీ పరీక్ష చెయ్యమందాం. ఎవరి దగ్గర్నుంచి ఎవరికొచ్చిందో వాళ్ళే చెప్తారు."

"వాడికెందుకే పరీక్ష?" అంది అత్తగారు మంచం మీంచి.

ఆ ప్రశ్నకి జవాబు తెలిసినవాళ్ళు ముగ్గురున్నారు ఆ గదిలో. ఒకరు చెప్పకూడదు, ఒకరు చెప్పలేరు, మూడో మనిషి చెప్పనక్కర్లేదన్నట్టు మొగుడి మొహమే చూస్తోంది.

పెద్దోడు కిటికీ దగ్గర్నుంచి కదిలాడు. భార్యని చూశాడు, తమ్ముణ్ణి చూశాడు, మళ్ళీ భార్యని చూశాడు. అతని మొహం మెల్లగా మారింది.

"అమ్మ అడుగుతోంది కదరా," అన్నాడు. "చెప్పు. నీకెందుకు?"

చిన్నోడు కదల్లేదు. బయటికి పోవాలంటే పక్కన పెళ్ళాన్ని ఎక్కించుకుని పోవాలి. లోపలికి రావాలంటే అన్నకి జవాబు చెప్పాలి.

చిన్నకోడలు అప్పటికే చెప్పులేసుకుంది.